ముఖం మీద చెయ్యి వేసే ముందు



మండల కేంద్రాల్లో ఇప్పుడు బ్యూటీ పార్లర్లు ఉన్నాయి. పొదుపు సంఘాల ఆడవాళ్లు కొందరు శిక్షణ పొంది నడుపుతున్నారు. ఫేషియల్ చేతి పని. నాలుగుసార్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది. కానీ దానికి ముందు కంటితో చేసే పని ఒకటుంది. అదే చర్మం చూడటం. తొందరలో చాలామంది దాన్నే వదిలేస్తారు.

పని తెలిసిన మనిషి ముందు తన చేతులు సబ్బుతో కడుక్కుంటుంది. వచ్చినావిడ చేత పౌడరూ, క్రీమూ పోయేలా ముఖం కడిగిస్తుంది. రంగు దీపాల కింద కాదు, కిటికీ వెలుగులో కూర్చోబెడుతుంది. అరగంట ఆగి పల్చటి కాగితం నుదుటి మీద, ముక్కు మీద, బుగ్గల మీద అద్దుతుంది. అంతటా జిడ్డు అంటితే జిడ్డు చర్మం. ఎక్కడా అంటకుండా ముఖం బిగుసుకున్నట్టుంటే పొడి చర్మం. నుదురూ ముక్కూ మాత్రమే జిడ్డయితే రెండూ కలిసిన చర్మం. ఏ క్రీము వాడాలో దీన్ని బట్టి తెలుస్తుంది. ఇది తేలికే.

కష్టమంతా మచ్చల దగ్గర.

బుగ్గల మీద గోధుమ రంగు మచ్చలుంటే అది మంగు కావచ్చు. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుంది. గర్భం రాకుండా మాత్రలు వాడినా రావచ్చు. ఎండకు ముదురుతుంది. ఫేషియల్‌తో పోదు. పోతుందని చెప్పి డబ్బు తీసుకుంటే అది మోసమే. గట్టిగా రుద్దితే ఇంకా నల్లబడుతుంది.

చీము పట్టిన మొటిమలను గిల్లకూడదు, రుద్దకూడదు. గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదగా ఉంటే తామర కావచ్చు. అది తువ్వాలుతో ఇంకొకరికి అంటుకుంటుంది. ఆ రోజుకు పని ఆపాలి.

పాలిపోయిన మచ్చ కనబడితే ఇంకా జాగ్రత్త. శోభి కావచ్చు, బొల్లి కావచ్చు. కుష్ఠు కూడా కావచ్చు. కుష్ఠు మచ్చకు తరచుగా స్పర్శ తెలియదు. ముఖం మీద అయితే స్పర్శ ఉన్నా ఉండవచ్చు. తేల్చాల్సింది డాక్టరే. పార్లర్ మనిషి జబ్బు పేరు ఎత్తకూడదు. "అమ్మా, ఈ మచ్చ ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించు" అంటే చాలు, అదీ పక్కవాళ్లకు వినబడకుండా. కుష్ఠు మందులు అక్కడ ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలో, 12 నెలలో వాడితే నయమవుతుంది.

ఇక అన్నిటికంటే మోసం చేసేది మచ్చ లేని ముఖం.

ఒక పిల్లను తల్లి తీసుకొచ్చిందనుకోండి. మూడు రోజుల్లో పెళ్లి. బ్లీచి చేసి ఫేషియల్ చెయ్యమంది. పిల్ల తెల్లగా మెరిసిపోతోంది. కిటికీ దగ్గరికి తెస్తే వేరే సంగతి. చర్మం ఉల్లిపొరలా ఉంది. సన్నటి ఎర్ర నరాలు కనబడుతున్నాయి. బుగ్గల మీద నూగు పెరిగింది.

"ముఖానికి ఏం రాస్తావమ్మా?"

"ఏం లేదక్కా. పడుకునే ముందు ఒక క్రీము. మందుల షాపులో ఇచ్చారు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది."

"మానేస్తే?"

"మంట పుడుతుంది. ఎర్రగా అయిపోతుంది. అందుకే మానలేదు."

ట్యూబు తెప్పించి చూస్తే అది స్టెరాయిడ్. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ ఇలాంటివే. కొన్ని చర్మ జబ్బులకు డాక్టరు కొద్ది రోజులకు రాసే మందులు ఇవి. తెల్లబడటానికి కాదు. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి క్రీములు అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చీటీ కావలసిన మందు మీద ఎర్ర గీత ఉంటుంది. ఇంగ్లీషు రాకపోయినా గీత కనబడుతుంది కదా!

తెల్లబడాలన్న కోరిక ఆ పిల్లకు ఊరికే పుట్టలేదు. పెళ్లిచూపుల్లో రంగు అడిగినవాళ్లకూ అందులో వాటా ఉంది.

బ్లీచిలో అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటాయి. పల్చబడిన చర్మం మీద అది పడితే కాలుతుంది. ఆవిరీ, గరుకు క్రీమూ కూడా పనికిరావు.

తల్లికి కోపం వస్తుంది.

"పెళ్లి పెట్టుకుని చెయ్యనంటావేంటి? పక్క షాపుకి పోతాం."

"వదినా, నేను డబ్బు వద్దనుకునేదాన్ని కాదు. పీటల మీద ముఖం పొక్కితే ఎవరేం చేస్తారు? ఇవాళే చర్మం డాక్టరుకు చూపించు. క్రీము ఎలా మాన్పించాలో ఆయన చెబుతాడు."

ఆ తల్లి వినవచ్చు, వినకపోవచ్చు. బేరం పోతే పోతుంది. చర్మం బాగున్నవాళ్లకైనా కొత్త బ్లీచి నేరుగా ముఖానికి పెట్టకూడదు. చెవి వెనక కొంచెం రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి కడిగి, ఒక రోజు చూడాలి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి. అందుకే పెళ్లివాళ్లను పది రోజుల ముందే రమ్మనాలి.

చూసిందీ, అడిగి తెలుసుకుందీ నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. పెద్ద రాత అక్కర్లేదు. తేదీ వేసి, "ఏడాదిగా స్టెరాయిడ్ క్రీము. చర్మం పల్చన. బ్లీచి చెయ్యలేదు. డాక్టరు దగ్గరికి పంపాను" అని నాలుగు ముక్కలు. ఆ పిల్ల ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తే, ముందు తెరవాల్సింది ఆ పేజీయే.