వింటినారిపై చేయి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



వక్తల జాబితాలో మా పేరు చూచి మిత్రులు కొందరు నవ్వినారు. రైల్వే గుమాస్తాకు విలువిద్యతో ఏమి పని అని వారి ప్రశ్న. నిజమే. మేము పదవ తరగతితో చదువు ఆపినవారము. విల్లు ఎక్కుపెట్టినవారము కాము. కాని యీ విద్య మా యింట్లో ఒక తగవు పెట్టింది. అది తీరిన విధము తమకు మనవి చేయవలెనని వచ్చినాము.

విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆ వూరివాడే బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్సులో అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాల్గవ స్థానము పొందినాడు. ఇవన్నీ చూచి, పన్నెండేళ్ళ మా అబ్బాయి తనకూ విల్లు కావాలన్నాడు. యిక్కడే బెంగుళూరులో ఒక శిక్షకుని వద్ద చేర్చినాము.

ఆయన మొదటి పాఠము నారిమీద కుడిచేతి పొందిక. బాణపు తోక నారికి తగిలినచోట పైన చూపుడువేలు, క్రింద నడిమివేలు, ఉంగరపువేలు వుంచవలె. నారి వేళ్ళ మొదటి కణుపు మడతలో కూర్చోవలె. బాణాన్ని వేళ్ళ మధ్య నొక్కరాదు. మణికట్టు వంచరాదు. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకొని వుండవలె.

ఆ రోజుల్లోనే మా నాన్నగారు ప్రకాశం జిల్లానుంచి వచ్చినారు. మనుమని పాఠము చూచి, “ఒరే, ఏకలవ్యుడు గురుదక్షిణగా ఏ వేలిచ్చాడురా? మీ గురువు ఆ వేలినే దాచిపెట్టమంటాడేమిటి?” అన్నారు. మాకూ ఆ మాట సబబుగానే తోచింది. మేము కాదనలేదు, అదే మా తప్పు.

మరునాడు మావాడు తాతగారి మాట నిజం చేయబోయి, శిక్షకుడు చూడనప్పుడు బొటనవేలితో నారి లాగినాడు. బాణము ఆనిక మీదినుంచి జారి కాళ్ళదగ్గర పడింది. నారి వేలి చర్మము లేపింది. శిక్షకుడు కోప్పడలేదు, నెలరోజులు బాణము ముట్టవద్దని రబ్బరు పట్టీ ఒకటి చేతికిచ్చినాడు. యింటికి వచ్చి మావాడు, “తాతయ్య కథలు నాకు చెప్పవద్దు” అన్నాడు. నాన్నగారు అన్నము సగంలో లేచి, “నాకు రేపటి బండికి టిక్కెట్టు చూడు నాయనా” అన్నారు. ఎందరికో టిక్కెట్ల సంగతి చెప్పే మాకు ఆ రాత్రి నోట మాట రాలేదు.

అప్పుడు కూర్చొని చదివినాము. 1877లో జపాను వెళ్ళి టోక్యోలో జంతుశాస్త్రము బోధించిన ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికా దేశస్థుడు, ఏ జాతివారు నారిని ఎట్లా లాగి విడుస్తారో విచారించి 1885లో ఒక గ్రంథము ప్రకటించినాడు. అందులో మూడువేళ్ళ పద్ధతీ వున్నది, బొటనవేలి పద్ధతీ వున్నది. షాజహాను బొటనవేలికి 1631-32 నాటి పచ్చరాతి ఉంగరము లండను ప్రదర్శనశాలలో నేటికీ వున్నది. విశ్వామిత్రుని వెంట నడిచిన రామలక్ష్మణులు ఉడుముతోలు అంగుళిత్రాణాలు కట్టుకొన్నారని వాల్మీకి చెప్పినాడు. జపానువారు నేటికీ జింకతోలు తొడుగు వేసుకొంటారు. దాని బొటనవేలు లోపల గట్టిగా వుంటుంది. మొదట్లో వున్న గాడిలో నారి కూర్చుంటుంది. బొటనవేలు వంచక, దానిమీద మిగిలిన వేళ్ళను మెల్లగా ఆనించి, చేతిని కొద్దిగా లోపలికి త్రిప్పుతారు. ఆ మెలికవల్ల బాణము వింటికి ఒత్తుకొని నిలుస్తుంది.

కీలకమంతా యిక్కడ వున్నది. బొటనవేలితో లాగేవారు బాణాన్ని వింటికి కుడిప్రక్కన ఆనిస్తారు. మూడువేళ్ళవారు ఎడమప్రక్కన ఆనిస్తారు. మావాడి విల్లు ఎడమప్రక్క ఆనికది. దానిమీద బొటనవేలు వేస్తే బాణము జారక ఏమి చేస్తుంది? మీటరుగేజి బోగీ మంచిదే, బ్రాడుగేజి పట్టాలూ మంచివే. దాన్ని దీనిమీద ఎక్కించితేనే ప్రమాదము.

ఉదయము నాన్నగారికి యిదంతా చెప్పినాము. ఆయన చాలాసేపు ఆలోచించి, “బొటనవేలు యిచ్చిన తరువాత ఏకలవ్యుడు విల్లు పారవేయలేదు. మిగిలిన వేళ్ళతోనే వేశాడని భారతంలో వుంది. మునుపటి వేగం పోయిందనీ వుంది. ఆ మాట మరచి సగం కథే చెప్పాను” అన్నారు. మనుమని పిలిచి, “ఏదీ, మీ గురువు చెప్పినట్టు నాకూ చూపించు” అని రబ్బరు పట్టీకి తన మూడువేళ్ళు తగిలించినారు. బొటనవేలు బయటికి వచ్చింది. మావాడు దాన్ని మెల్లగా లోపలికి ముడిచి, “యిట్లా, తాతయ్యా” అన్నాడు. టిక్కెట్టు మాట మళ్ళీ రాలేదు.

ఆ నెలంతా తాతా మనుమడూ సాయంకాలము ఆ పట్టీతోనే గడిపినారు. తరువాత వేసిన మొదటి బాణము గురి తప్పింది. అయినా జారి క్రిందపడలేదు.

సోదరులారా! ఉన్న వూరు విడిచి వచ్చిన మనకు, మన పెద్దల విద్య పిల్లలు మరచిపోతారేమోనన్న బెంగ సహజము. కథ తప్పక చెప్పుదాము, పూర్తిగా చెప్పుదాము. గురువు దిద్దిన వేలిని మాత్రము యింట్లో మనము మార్చవద్దు. తెలియనిచోట గురువుగారినే అడుగుదాము.