తూకంలో తేమ
(తెనాలిలో జరిగిన మాసిక సత్సంగంలో రేపల్లె ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠం)

  

ఈ వేదికపై నుండి మీరు సాధారణంగా పురాణ ప్రవచనాలు వింటారు. ఈనాడు నేను శరీరపు బరువు గురించి మాట్లాడబోతున్నానని తెలిసి కొందరు నవ్వుకొని ఉంటారు. కాని కొండ ఎక్కాలన్నా, అన్నదానంలో వడ్డన చేయాలన్నా, ప్రదక్షిణం చేయాలన్నా ముందుగా కావలసిన పనిముట్టు ఈ దేహమే కదా! మోకాళ్ల నొప్పులతో క్యూలో నిలువలేక వెనుదిరిగిన పెద్దలను మనమందరం చూస్తూనే ఉన్నాం. అందుచేత ఈ విషయం దేవాలయానికి పరాయిది కాదు.

ముందుగా నా పొరపాటు చెబుతాను. పదవీ విరమణ చేసిన సంవత్సరంలో నా బరువు 84 కిలోలు. రక్తపరీక్ష చూసిన వైద్యులు, "మాస్టారూ, మీరు మధుమేహం గడపలో నిలబడి ఉన్నారు. ఇంకా లోపలికి అడుగు పెట్టలేదు. ఆరేడు కిలోలు తగ్గితే ఆ గడప దాటకుండా ఉండే అవకాశం బాగా ఉంది" అన్నారు. బరువు తగ్గి, అలిపిరి నుండి 3550 మెట్లు నడిచి స్వామిని దర్శించుకొంటానని మొక్కుకొన్నాను. అన్నం సగానికి తగ్గించాను. ఉదయం కాలువగట్టు మీద నడక మొదలుపెట్టాను. ఎనిమిది రోజులలో యంత్రం 82.6 చూపింది. ఆ రోజు నా సంతోషానికి మేర లేదు. తొమ్మిదవ నాటి ఉదయం అదే యంత్రం 83.7 చూపింది!

నడక మానలేదు. అన్నం పెంచలేదు. ముందు రోజు అన్నదానంలో కొంచెం పులిహోర, సాంబారు, ఆవకాయ తిన్న మాట నిజం. ఆ కొంచెానికే కిలోకు పైగా పెరుగుతుందా అని కోపం వచ్చింది. కోపం కాస్తా నిరాశ అయింది. యంత్రాన్ని అటక మీద పెట్టించాను. మరుసటి సంవత్సరం మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అటువంటి ఉదయమే మానివేశాను. మూడవ సంవత్సరపు రక్తపరీక్షలో నేను గడప దాటి లోపలికి వెళ్లిపోయాను. నన్ను ఓడించినది ఆకలి కాదు, జిహ్వచాపల్యం కాదు. ఒక ఉదయపు అంకె. లెక్కలు చెప్పి బ్రతికినవాణ్ణి, ఆ అంకెకు అర్థం ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ అర్థం నాకు పుస్తకంలో కాదు, కల్లంలో తెలిసింది. మనమంతా వరి పండించే నేల మీద పుట్టినవాళ్లం. దేశమంతా ఇష్టంగా తినే సాంబ మసూరి బియ్యానికి బీపీటీ 5204 అనే పేరు మన బాపట్ల వల్లనే వచ్చింది. 1986లో విడుదలైన ఆ వంగడం అక్కడి పరిశోధన ఫలమే. అటువంటి ధాన్యం కోసిన వెంటనే 75 కిలోల బస్తాగా తూచారనుకోండి. అప్పుడు తేమ 22 శాతం ఉన్నది. కొనుగోలు కేంద్రంలో 17 శాతానికి మించితే తీసుకోరు గనుక రైతు ఎండలో ఆరబోశాడు. మళ్లీ తూస్తే సుమారు 70న్నర కిలోలు వస్తుంది. నాలుగున్నర కిలోలు ఎక్కడికి పోయాయి? ఒక్క గింజ కూడా పోలేదు. పోయినది నీరు. రాత్రి మంచుకు తడిస్తే కొంత బరువు మళ్లీ వస్తుంది. అప్పుడు కొత్తగా గింజ పుట్టిందని ఏ రైతూ సంబరపడడు. మా బంధువు ఒకరు తేమ చూసే యంత్రం ముందు నిలబడి ఈ లెక్క చెబుతుండగా నాకు అటక మీది నా యంత్రం గుర్తుకు వచ్చింది. ధాన్యం తూకంలో తేమను లెక్కవేసే మనం, దేహం తూకంలో దానిని ఎందుకు మరచిపోతున్నాం?

పెద్దవారి శరీర బరువులో సగానికి పైగా నీరే. ఆ నీరు రోజూ హెచ్చుతగ్గులు పొందుతూ ఉంటుంది. ఒకే మనిషి బరువు ఒక రోజు నుండి మరొక రోజుకు కిలో, ఒక్కొక్కప్పుడు రెండు కిలోల వరకు మారడం సహజం. దానికి కారణాలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

మొదటిది ఉప్పు. ఆవకాయ, అప్పడం, సాంబారు ఎక్కువగా తిన్న నాడు ఆ ఉప్పుకు తగినంత నీటిని శరీరం నిలుపుకొంటుంది. ఒకటి రెండు రోజులలో విడిచిపెడుతుంది. రెండవది అన్నం. మనం తిన్న పిండిపదార్థంలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోను, కండరాలలోను నిలువ చేసుకొంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. అన్నం తగ్గించిన మొదటి వారంలో బరువు వేగంగా దిగడానికి ఈ నీరు పోవడం ముఖ్య కారణం. ఏకాదశి ఉపవాసం మరునాడు తగ్గినట్లు కనిపించి, ద్వాదశి పారణ తరువాత తిరిగి వచ్చేది కూడా చాలావరకు ఇదే. కనుక ఏకాదశి నాటి తగ్గుదలకు పొంగిపోవద్దు, ద్వాదశి నాటి పెరుగుదలకు క్రుంగిపోవద్దు.

మూడవది, కడుపులో ఇంకా జీర్ణం కాని ఆహారం. మలబద్ధకం ఉన్న నాడు అదీ తూకంలో కలుస్తుంది. నాలుగవది శ్రమ. అలవాటు లేనివారు ఎక్కువ దూరం నడిస్తే కండరాలు నొప్పి పెట్టినన్నాళ్లు వాటిలో నీరు నిలుస్తుంది. ఇక మాతృమూర్తులలో చాలమందికి నెలసరికి ముందు కొన్ని రోజులు ఒంటికి నీరు పట్టడం సహజం. వారు ఈ వారాన్ని గడచిన వారంతో కాక, గడచిన నెలలోని అదే వారంతో పోల్చుకొనడం న్యాయం.

ఇప్పుడు కొవ్వు లెక్క చూడండి. ఒక కిలో కొవ్వులో దాచి ఉన్న శక్తి సుమారు 7700 కెలోరీలు. ఒక కప్పు అన్నంలో ఉండేది దాదాపు 200. అంటే ఒక్క రాత్రిలో కిలో కొవ్వు పెరగాలంటే మామూలు భోజనానికి పైన ముప్పై ఎనిమిది కప్పుల అన్నం తినాలి! నేను తిన్నది గరిటెడు పులిహోర. ఆ ఉదయం కాగితం మీద ఈ భాగహారం చేసి ఉంటే నాకు మూడు సంవత్సరాలు కలిసివచ్చేవి.

మూడవ ప్రయత్నంలో యంత్రాన్ని అటక నుండి దింపి, దానితో పాటు ఒక నోటుపుస్తకం పెట్టుకొన్నాను. అందులోని రెండు వారాలు చదువుతాను. మొదటి వారం: 82.4, 81.9, 82.6, 83.1, 82.2, 81.8, 82.0. రెండవ వారం: 82.1, 81.6, 82.5, 82.3, 81.5, 81.4, 81.7. మొదటి వారం మొదటి రోజు 82.4. తొమ్మిది రోజుల తరువాత, రెండవ వారం మూడవ రోజు 82.5. ఆ రెండే చూసినవాడు తగ్గలేదు సరికదా పెరిగాననుకొంటాడు. వారం మొత్తం కూడి ఏడుతో భాగిస్తే మొదటి వారం సగటు 82.3, రెండవ వారం సగటు 81.9. నాలుగు వందల గ్రాములు తగ్గాను! సూర్యలంక తీరంలో ఆటు సమయంలో నిలబడి చూడండి. సముద్రం వెనుకకు పోతూనే ఉంటుంది, అయినా మధ్యలో ఒక పెద్ద అల వచ్చి పాదాలు తడిపి పోతుంది. ఆ ఒక్క అలను చూసి ఆటో పోటో తేల్చలేము.

కనుక తూచుకొనే పద్ధతి చెబుతాను. ఉదయం కాలకృత్యాలు తీరిన తరువాత, ఏమీ తినక త్రాగక ముందు, అదే యంత్రం మీద, తేలికైన దుస్తులతో నిలబడండి. యంత్రాన్ని చాప మీద కాక గట్టి సమతలమైన నేల మీద ఉంచండి. ఇంట్లో ఒకసారి, మందుల దుకాణంలో ఒకసారి తూచుకొని ఆ రెండింటినీ పోల్చకండి. అంకె వ్రాసి పుస్తకం మూసివేయండి. తీర్పు వారానికి ఒకసారి, సగటు చూసి. వారానికి అర కిలో తగ్గితే చక్కని నడక. రోజూ అంకె చూస్తే మనసు చెదిరేవారు వారానికి ఒకే రోజు తూచుకొని, నాలుగు వారాలను కలిపి చూసుకోవచ్చు. నడుము చుట్టుకొలత కూడా నెలకొకసారి టేపుతో కొలవండి. మన దేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండడం మేలని వైద్యులు చెబుతారు.

అంకె కదలకపోయినా శ్రమ వృథా కాదని చెప్పడానికి ఒక నిదర్శనం ఉన్నది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం నాలాగే గడపలో నిలబడినవారిని ఎన్నుకొని, కొందరికి మితాహారం, నడక అలవాటు చేయించింది. 2006లో ఫలితాలు ప్రకటించారు. అలా చేసినవారిలో మధుమేహం వచ్చే అవకాశం నాలుగవ వంతుకు పైగా తగ్గింది. విశేషమేమంటే, వారి బరువులో చెప్పుకోదగిన తగ్గుదల లేదు! త్రాసుకు కనబడని మేలు రక్తంలో జరిగింది.

అయితే ఓర్పు అంటే అశ్రద్ధ కాదు. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగి, కాళ్లు వాచి, ఆయాసం వస్తే అది పులిహోర ఫలితం కాదు. గుండె, మూత్రపిండాల సంగతి వెంటనే వైద్యులకు చూపించాలి. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గిపోతున్నా చూపించాలి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యులను అడగకుండా ఉపవాసాలు చేయరాదు. చక్కెర పడిపోవడం ప్రమాదకరం. సగటు నెల పైగా కదలకపోతే మన లెక్కలో ఏదో జారిపోతున్నదని గ్రహించి, తినే పరిమాణాన్ని మళ్లీ పరిశీలించుకోవాలి. ప్రసాదం మాట అడుగుతారేమో. ప్రసాదం అరచేతిలో పట్టినంత తీసుకొని కళ్లకద్దుకోవడం మన ఆచారం. దానిని దొన్నెల లెక్కకు పెంచినది మనమే. గీత ఆరవ అధ్యాయంలో భగవానుడు అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదని చెప్పాడు. ఆ నడిమి దారే మనకు శ్రేయస్కరం.

త్రాసు అనగానే మన ప్రాంతం వారికి శ్రీకృష్ణ తులాభారం స్ఫురిస్తుంది. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి నాటకరంగంలో వెలుగొంది, 1956లో పద్మశ్రీ పొందిన స్థానం నరసింహారావు గారి సత్యభామ పాత్రను మా పెద్దలు జీవితాంతం తలచుకొన్నారు. ఆ కథలో సత్యభామ నగ వెంట నగ తెచ్చి పళ్లెంలో వేస్తుంది, వేసిన ప్రతిసారీ ముల్లు వంక చూస్తుంది. ముల్లు కదలదు. కలవరం పెరుగుతుంది. రుక్మిణీదేవి నిబ్బరంగా ఒక్క తులసిదళం ఉంచుతుంది. ప్రతి ఉదయం ముల్లు చూసి కలత చెందడం సత్యభామ పని. పూటకింత మితంగా తిని, అరగంట నడిచి ఆ రోజును స్వామికి అప్పగించడం దళం ఉంచడం వంటిది.

ఒకప్పుడు రైల్వే స్టేషన్లలో తూకం యంత్రాలు ఉండేవి. నాణెం వేస్తే అట్టముక్క వచ్చేది. దాని మీద బరువుతో పాటు జాతకం కూడా అచ్చయి ఉండేది. బరువునూ జాతకాన్నీ ఒకే చీటీలో చదువుకొనే అలవాటు మనకు ఇంకా పోలేదు. నేటి అంకె నేటి తూకమే, మీ జాతకం కాదు.

మూడవ ప్రయత్నంలో 84 నుండి 77కు రావడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. మధ్యలో నాలుగుసార్లు రెండేసి వారాలు అంకె కదలలేదు. గడప దాటిన ఫలం కూడా అనుభవిస్తున్నాను, నేటికీ మాత్ర వేసుకొంటున్నాను. మీలో గడపలో నిలబడినవారు ఆ మాత్ర వరకు రావద్దనే ఈ కథ చెప్పాను. మొక్కు మాత్రం తీరింది. ఆగి ఆగి ఐదు గంటలలో మెట్లన్నీ ఎక్కి స్వామిని దర్శించుకొన్నాను. ఇంటికి వచ్చిన మరునాటి ఉదయం యంత్రం ఎక్కితే కిలోన్నర ఎక్కువ చూపింది. ఈసారి నవ్వుకొని, అంకె వ్రాసి పుస్తకం మూసి, కాలువగట్టుకు బయలుదేరాను. నాలుగవ రోజుకు ఆ తేమ దిగిపోయింది.

స్వామి మీ అందరికీ ఆరోగ్యాన్ని, దానిని సాధించుకొనే ఓర్పును ప్రసాదించుగాక! స్వస్తి.