మనసుకూ వైద్యం పొందే హక్కుంది
(మాదాపూర్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్‌కు రాత్రి నిద్ర కరువైంది. ఆ మెలకువ భారం మాత్రం అందరిపై సమానంగా లేదు. రాత్రి షిఫ్టు చేసే ఇంజనీరుకు తరచుగా సంస్థ బీమా, కౌన్సెలింగ్ ఉంటాయి. ఆయనను ఇంటికి చేర్చే క్యాబ్ డ్రైవరు, తెల్లవారకముందే అంతస్తులు ఊడ్చే సోదరి వైద్యుని దగ్గరకు వెళితే ఆనాటి సంపాదన పోతుంది. ముస్లిం శ్రామికులు అధికంగా భద్రత లేని అసంఘటిత పనుల్లోనే ఉన్నారని 2006లో సచార్ కమిటీ తేల్చింది.

నిమ్హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మంది మానసిక రుగ్మతలతో ఉన్నారు. మహానగరాల్లో, అల్పాదాయ కుటుంబాల్లో, 40–49 ఏళ్లవారిలో ఇది మరింత ఎక్కువ. పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందులు, బండి కిస్తీ ఒకేసారి మీద పడే వయసది. ఆ తండ్రి కోపాన్ని స్వభావమంటాం. యువకుని నిద్రలేమిని ఫోను పిచ్చి అంటాం. వృద్ధమాత మౌనాన్ని ముసలితనమంటాం.

విశ్వాసం సన్నగిల్లినందువల్లే దిగులు కలుగుతుందని మనలో కొందరంటారు. ప్రతి వ్యాధికీ ఔషధముందని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. వెయ్యేళ్ల క్రితమే అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికి వలెనే మనసుకూ జబ్బు చేస్తుందని, దానికీ వైద్యం కావాలని గ్రంథం రాశారు. దువా, దవా ఒకదానికొకటి విరోధం కావు.

చట్టమూ మన పక్షానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యసేవ పొందడం ప్రతి వ్యక్తి హక్కు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అది ఉచితం. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా వర్తింపజేయాలి. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. లెక్కలో లేనివారి బాధ బడ్జెట్‌లోకి రాదు. కనుక మన రాష్ట్రంలో వర్గం, వయసు వారీగా సర్వే జరపాలని, కూలి పోకుండా వెళ్లగలిగేలా బస్తీ దవాఖానాల్లో సాయంత్రం మానసిక వైద్యసేవ అందించాలని కోరుదాం. మసీదు కమిటీలు ఆ ఫోను నంబరును నోటీసు బోర్డుపై రాయించాలి. అంతకంటే ముందు, ఈ రాత్రి ఇంటికి వెళ్లి మన వాళ్లను "నిద్ర పడుతోందా?" అని అడుగుదాం, జవాబు పూర్తిగా విందాం.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.