ఓరుగల్లు నుంచి జగదల్‌పూర్‌కు



2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహానికి, కాకతీయ సంతతిగా చెప్పుకునే బస్తర్ రాజకుటుంబ వారసులు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ మన వరంగల్‌కు వచ్చారు. అప్పటి నుంచి మనవాళ్ల చూపు వాళ్ల రాజధానిగా ఉన్న జగదల్‌పూర్ మీద పడింది. బండి మాట్లాడుకుని వెళ్లొస్తున్నారు. వచ్చాక చాలామంది నాతో అన్నది ఒకటే: "చిత్రకోట జలపాతం బ్రహ్మాండం. కాకతీయులవి మాత్రం ఏమీ కనబడలేదండీ."

కనబడవు. వేయిస్తంభాల గుడినో, కీర్తి తోరణాన్నో వెతుక్కుంటూ వెళ్తే ఉత్త చేతులతో రావలసిందే. అసలు తిరకాసు ఇంకోటి ఉంది. బస్తర్‌లో తెలుగు శాసనాలు దొరికాయి. అవి కాకతీయులు వేయించినవి కావు. కాకతీయ సంతతి వేయించిన శాసనమూ ఉంది. అది తెలుగులో లేదు. ఈ రెండు ముక్కలూ మనసులో పెట్టుకుని ప్రయాణం కట్టమని నా మనవి.

ముందు బారసూరు వెళ్లండి. గీదం నుంచి లోపలికి తిరగాలి. ఇంద్రావతికి దగ్గర్లో ఛిందక నాగవంశపు రాజుల రాజధాని అది. మామా-భాంజా గుడి, ఒకదాని పక్కన ఒకటి కూర్చున్న రెండు భారీ వినాయకులు, బత్తీసా గుడి. బత్తీసా అంటే ముప్ఫై రెండు స్తంభాలు, వాటి వెనక రెండు గర్భగుళ్లు. గంగమహాదేవి అనే నాగుల రాణి భర్త పేరిట ఒక శివాలయం, తన పేరిట ఒకటి కట్టించానని శాసనంలో చెప్పుకుంది, అదీ తెలుగులో. దానికంటే ముందుది 1060 నాటి శాసనం. నాగరాజు జగదేకభూషణుడి దగ్గర సామంతుడుగా ఉన్న తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు గుడి కట్టించి, చెరువు తవ్వించిన సంగతి అందులో ఉంది. ఆ గుడి ఇప్పటికీ చంద్రాదిత్య మందిరమే. అంటే ఓరుగల్లు పడిపోవడానికి రెండున్నర శతాబ్దాల ముందే ఇంద్రావతి దగ్గర తెలుగు చదివేవాళ్లున్నారు. గుడి పక్కన చెరువు తవ్వడమనే మన అలవాటూ అక్కడికి చేరింది.

ఇక 1323. ఓరుగల్లు తుగ్లక్ సేనల పాలైంది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి అడవుల్లోకి వెళ్లి, నాగులను గెలిచి రాజ్యం నిలబెట్టాడని బస్తర్ చెప్పుకునే కథ. దంతేశ్వరి తల్లి అతని వెనకే నడిచిందట. వెనక్కి చూడొద్దంది. నది ఇసకలో అందెల చప్పుడు ఆగగానే అతను తిరిగి చూశాడు, తల్లి అక్కడే నిలిచిపోయింది. శంఖిని, డంకిని కలిసే చోట ఉన్న దంతెవాడ గుడి అదే. (ప్యాంటుతో లోపలికి రానివ్వరు. పంచె తీసుకెళ్లండి.)

కథ కథే. రాతలో మనకు దొరికేది 1703 నాటిది, అంటే 380 ఏళ్ల తర్వాతిది. బస్తర్ రాజు దిక్పాలదేవుడు దంతెవాడలో వేయించిన శాసనంలో కాకతి ప్రతాపరుద్రుడు, అన్నమరాజు, ఓరుగల్లు అన్నీ ఉన్నాయి. దాన్ని రాసిన భగవాన్ మిశ్రా మైథిల పండితుడు. ఒకసారి సంస్కృతంలో రాసి, కలికాలంలో సంస్కృతం చదివేవాళ్లు తక్కువని మళ్లీ అక్కడి దేశభాషలో రాశాడు. జనానికి తెలియాలని రాసినప్పుడు కూడా తెలుగు అక్కరలేకపోయింది. నాకు అది లోటుగా తోచదు. ఓడి వచ్చిన వంశం కొత్త నేల మాట నేర్చుకుని బతికింది.

జగదల్‌పూర్ వయసు అంత పెద్దది కాదు. పద్ధెనిమిదో శతాబ్దంలో దళపతిదేవుడు రాజధానిని ఇంద్రావతి ఒడ్డుకు మార్చాడు. ఊళ్లో దళపత్ సాగర్ అతని పేరిటిదే. చెరువు విషయంలో మాత్రం కాకతీయ రక్తం అబద్ధమాడలేదని నేను సరదాగా అంటుంటాను. రాజభవనం, దాని ముంగిట దంతేశ్వరి గుడి, మానవశాస్త్ర సర్వే సంస్థ వాళ్ల మ్యూజియం, ఇవన్నీ ఒక్క రోజులో చూసేయొచ్చు. భవనం దగ్గర మాత్రం కాస్త నిలబడండి. 1966 మార్చి 25న పోలీసు కాల్పుల్లో బస్తర్ మాజీ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ ఆదివాసులతో పాటు అక్కడే చనిపోయారు. వాళ్ల ఇంటిపేరు భంజ్ ఎందుకయిందని అడుగుతుంటారు. ప్రవీర్ తల్లి, రాణి ప్రఫుల్లకుమారీదేవి, మయూర్‌భంజ్ వంశస్థుణ్ని పెళ్లాడింది. కూతురి వైపు నుంచి వచ్చిన వంశమా అని పెదవి విరిచేవాళ్లకు ఒక్కటే గుర్తుచేస్తాను: ప్రతాపరుద్రుడు రుద్రమదేవికి కూతురి కొడుకే.

చూడాల్సింది దసరా. 75 రోజుల పండగ. మన పంచాంగం లెక్కన ఆషాఢంలో, హరేలీ అమావాస్యకు కొయ్యపూజతో మొదలవుతుంది. రాముడూ లేడు, రావణుడూ లేడు. ఒక ఊరు చెక్కపని చేస్తుంది, మరో ఊరు తాళ్లు పేనుతుంది, రథం తయారవుతుంది. ముళ్ల ఉయ్యాల మీద పడుకున్న మిర్గాన్ కులపు చిన్నపిల్ల కాఛిన్ దేవిగా సరేనంటేనే పండగ సాగుతుంది. రాజు వెళ్లి ఆ పిల్ల ముందు నిలబడి అడగాలి. హల్బా తెగ యువకుడొకడు గుంటలో కదలకుండా తొమ్మిది రోజులు కూర్చుంటాడు. దంతెవాడ నుంచి మావలి తల్లి పల్లకిలో వస్తుంది. చివర్లో మాడియా ఆదివాసులు రాత్రికి రాత్రి రథాన్ని కుమ్డాకోట్‌కు ఎత్తుకుపోతారు. రాజు అక్కడికి వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని కొత్త బియ్యం అన్నం తింటే తప్ప రథం తిరిగిరాదు. మన ఏజెన్సీలో కొత్తల పండగ చూసినవాళ్లకు ఆ అన్నం కొత్తేమీ కాదు. ఆ తర్వాత మురియా దర్బార్. ఊరి పెద్దలు బాధలు చెప్పుకునే సభ అది. ఇప్పుడు మంత్రులు, అధికారులు వచ్చి వింటారు.

మనవాళ్లు అక్కడికి వెళ్లి "మా రాజులు మీ దగ్గర ఆరు వందల ఏళ్లు ఏలారు" అంటుంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఏలిన మాట నిజమే. ఏటా ఒక చిన్నపిల్ల అనుమతి, అడవివాళ్ల అన్నం ఆ ఏలుబడికి షరతులు. ఆ షరతులు కాలరాసి, అడవుల్ని రిజర్వు చేసి జనాన్ని తరిమినప్పుడు ఏమయిందో 1910 భూంకాల్ తిరుగుబాటు చెప్పింది. దాని నాయకుడు గుండా ధుర్ బ్రిటిషు వాళ్లకు చివరిదాకా చిక్కలేదు.

వెళ్లే దారి సంగతి. ఇక్కణ్నించి భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా రోడ్డుంది. విశాఖ నుంచయితే అరకు మీదుగా కిరండూల్ రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది. ఇంద్రావతి మీది చిత్రకోట జలపాతాన్ని ఎండాకాలంలో చూద్దామనుకోకండి. ఒడిశాలో జోరా నాలా దగ్గర ఇంద్రావతి నీళ్లు చాలావరకు శబరి వైపు మళ్లిపోతున్నాయి. వేసవిలో చిత్రకోట సన్నని ధారలుగా మిగులుతోంది, రెండు రాష్ట్రాల మధ్య తగాదా నడుస్తోంది. ఇంద్రావతిలో వచ్చినా, శబరిలో వచ్చినా ఆ నీళ్లు చేరేది గోదావరికే కాబట్టి ఆ తగాదా మనకూ కొంత తెలిసి ఉండాలి. వానలు తగ్గుముఖం పట్టి దసరా దగ్గరపడ్డ రోజుల్లో వెళ్తే పండగా, జలపాతమూ ఒకే ప్రయాణంలో కలిసొస్తాయి. గదులు ముందే మాట్లాడుకోండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.