పట్టాలో లేని పేర్లు
బాలాపూర్ సాహిత్య సదస్సులో అధ్యక్షోపన్యాసం



సంపద, వస్తువ్యామోహం, సాహిత్యం అన్న మన అంశం వినగానే చాలామందికి అమెరికా గుర్తొస్తుంది. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టి ఈ ఊరికి వస్తాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగియకముందే, 1944లో, అమెరికా ప్రభుత్వం తిరిగొచ్చే సైనికుల కోసం ఒక చట్టం చేసింది. చదువుకు డబ్బిచ్చింది, ఇంటి అప్పుకు పూచీ నిలబడింది. 1947లో న్యూయార్క్ దగ్గర బంగాళదుంప పొలాల్లో లెవిట్ సంస్థ ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. నాలుగైదేళ్లలో 17,000కు పైగా ఇళ్లతో లెవిట్‌టౌన్ లేచింది. 1949 నాటి నమూనా ఇల్లు 7,990 డాలర్లు. ఫ్రిజ్, బట్టలుతికే యంత్రం ఆ ధరలోనే. మరుసటి ఏడాది నమూనాలో టీవీని కూడా గోడలో బిగించి ఇచ్చారు. మధ్యతరగతి అన్న పదానికి ప్రపంచమంతా ఊహించుకున్న బొమ్మ అక్కడే తయారైంది.

అదే లెవిట్‌టౌన్ తొలినాళ్ల ఒప్పంద పత్రంలో ఒక షరతు ఉండేది: తెల్లజాతివారు తప్ప ఇంకెవరూ ఆ ఇంట్లో ఉండకూడదు. ఇంటి పనివాళ్లకు మాత్రం మినహాయింపు. నల్లజాతి మనిషి ఆ వంటింట్లో గిన్నెలు తోమవచ్చు, ఆ ఇంటికి యజమాని కాకూడదు. ఇంత పచ్చిగా కాగితం మీద రాసుకున్నారు.

1960 నాటికి అమెరికాలో పదిళ్లలో దాదాపు తొమ్మిదింట టీవీ ఉంది. అంటే వస్తువు పేదవాడి గడప కూడా తొక్కింది. ఇల్లు అలా అందలేదు. సొంత ఇల్లు దొరికిన కుటుంబానికి దాని విలువ ఏటేటా పెరిగి పిల్లల చదువుకు, వ్యాపారానికి పెట్టుబడి అయింది. అన్నేళ్లూ అద్దె కట్టిన కుటుంబానికి చేతిలో ఏమీ మిగల్లేదు. అసమానతను వెతకాల్సింది ఇంట్లోని సామానులో కంటే దస్తావేజుల్లో అని నేను గట్టిగా నమ్ముతాను.

దీన్ని నాటకంగా మలిచిన రచయిత్రి లొరైన్ హాన్స్‌బెర్రీ. 1959లో బ్రాడ్‌వే ఎక్కిన ఆమె నాటకం 'ఎ రైజిన్ ఇన్ ద సన్'లో, ఒక నల్లజాతి కుటుంబానికి చనిపోయిన ఇంటి పెద్ద తాలూకు 10,000 డాలర్ల బీమా సొమ్ము వస్తుంది. ఆ డబ్బులోంచి బయానా కట్టి, తల్లి తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొంటుంది. మీరు రావద్దు, ఇల్లు మాకే అమ్మేయండి, లాభం ఇస్తామంటూ ఆ పేట సంఘం మనిషి మర్యాదగా వచ్చి కూర్చుంటాడు. రచయిత్రి తండ్రి షికాగోలో ఇలాంటి ఇంటి కోసమే పోరాడి 1940లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆర్థర్ మిల్లర్ నాటకంలోని సేల్స్‌మన్ వాయిదాల బతుకును మన విమర్శకులు చాలాసార్లు తలుచుకున్నారు. హాన్స్‌బెర్రీని కూడా అంత శ్రద్ధగా చదవాలి.

ఎందుకంటే ఇందులో మన సంగతి కూడా ఉంది. 1965 వలస చట్టం తర్వాత తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లగలిగారు. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్షను నిషేధించిన చట్టం 1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి వచ్చింది. మనవాళ్లు అక్కడ శివార్లలో ఇళ్లు కొనుక్కోగలిగారంటే ఆ తలుపులు నల్లజాతివారి పోరాటంతో తెరుచుకున్నవే. ఈ రుణం మన డయాస్పోరా కథలో ఇంకా బలంగా పలకాలి.

ఇక హైదరాబాద్ శివారులోని ఈ బాలాపూర్. 1994లో ఇక్కడి గణపతి లడ్డూ మొదటి వేలంలో 450 రూపాయలు పలికింది. పాడుకున్న రైతు ఆ ప్రసాదాన్ని పొలంలో చల్లాడని, పంట బాగా పండిందని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ నమ్మకం మీద నాకు గౌరవం ఉంది. వేలం సొమ్ము ఊరి పనులకు వాడుతున్నారని కూడా తెలుసు. 2025లో అదే లడ్డూ 35 లక్షలు పలికింది. ఈ రెండు అంకెల మధ్య భక్తితో పాటు భూమి ధర కూడా ఉంది. పక్కన కంచన్‌బాగ్ రక్షణ సంస్థల ఉద్యోగుల జీతాలు, 2008లో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయం, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, డాలర్ల రాక అన్నీ కలిసి ఎకరాల చెలకను గజాల ప్లాటు చేశాయి.

పట్టాదారుకు ఆ పెరుగుదల ముట్టింది, సంతోషమే. దున్నినవాడి సంగతేమిటి? 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అన్న హక్కును గుర్తించింది. తర్వాత వాళ్లకు యాజమాన్య హక్కునిచ్చే 38-ఈ సర్టిఫికెట్లు ఇచ్చారు. పాత పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారు కాలమ్ కూడా ఉండేది. 2020లో ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చాక ఆ కాలమ్ కనిపించకుండా పోయింది. సాగు చేసిన మనిషి పేరుకు రికార్డులో చోటు లేకపోతే, ఆ చెలక వెంచరయిన రోజున అతన్ని అడిగేవారు ఎవరు? ఏళ్ల తరబడి జీతమున్న పాలేరుకైతే ఏ కాలమూ ఎప్పుడూ లేదు.

ఇక్కడికి దగ్గర్లోనే రోహింగ్యా శరణార్థుల గుడిసెలు ఉన్నాయి. మయన్మార్‌లో 2012 హింస తర్వాత వచ్చినవాళ్లు ఎందరో చెత్త ఏరి బతుకుతున్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సామాన్ల అట్టపెట్టెల టేపు పీకి, చదును చేసి, కట్ట కట్టి కాటా మీద పెడతారు. ప్రతి పెట్టె మీదా ఎవరిదో పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడు. విప్పే మనిషికి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డే దిక్కు; 1951 శరణార్థుల ఒడంబడిక మీద మన దేశం సంతకం చేయలేదు. సంపన్న అమెరికాలో పేదలు కంటికి కనపడకుండా పోయారని అమెరికన్ రచయిత మైకేల్ హారింగ్టన్ 1962లో రాశాడు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల వంతెన మీద విమానం అందుకోవడానికి పరుగెత్తేవారికి కింది బస్తీ ఎంత కనిపిస్తుంది?

మన కవిత్వంలో వస్తువును తిట్టడం ఎక్కువైంది. బట్టలుతికే యంత్రం వచ్చాక నడుం నొప్పి తగ్గిన ఆడమనిషిని చూసి వ్యామోహం అనడానికి నాకు మనసొప్పదు. ఆ యంత్రం ఆమెకు హక్కుగా రావలసిందే. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లో, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో భూమి ఎవరిదో, వెట్టి ఎవరిదో పాఠకుడికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ స్పష్టతతో ఈ శివారును రాయాలి.

పాత పహాణీ నకళ్లు సంపాదించండి. జీతాలున్న పెద్దమనుషులు, నాట్లేసిన అవ్వలు ఇంకా ఉన్నారు, వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ చెలక ఏ వెంచరైందో, ఎవరు దున్నారో, సొమ్ము ఎవరికి ముట్టిందో, వాళ్లిప్పుడు ఎక్కడ అద్దెకుంటున్నారో అడిగి రాయండి. కథలు కానీ, ఊరి చరిత్రలు కానీ, వచ్చే సదస్సులో నేను ముందుగా వినాలనుకునేవి అవే. ఇక మొదటి పత్రం చదవవలసిన మిత్రుణ్ణి వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.