అన్నము శక్తిగా మారు మార్గము

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున ప్రచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము నుండి మీరు పన్నులను గూర్చియు, పద్దులను గూర్చియు వినియున్నారు. నేను చెప్పవలసినది అన్నమును గూర్చి. భోజనమునకు పిలుపు వచ్చులోపల ముగింతును.

పొలమున కష్టించి పనిచేయు 65 కిలోల బరువుగల పురుషునకు దినమునకు సుమారు 3,470 కిలోకేలరీల శక్తి కావలెనని హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో నిర్ణయించిరి. నావలె కుర్చీలో కూర్చుండువానికి 2,110 చాలును. నూరు గ్రాముల బియ్యమున సుమారు 350 కిలోకేలరీలు కలవు. అట్లయిన కిలో బియ్యము వండిపెట్టిన కూలివాని లెక్క తీరినది గదా అని మీరడుగవచ్చును. కాగితముపై తీరినది. కాని బియ్యములోనున్న శక్తి కండరములోనికి చేరుటకు ఒక మార్గమున్నది. ఆ మార్గమున ఒక తూము మూతపడినచో, కడుపునిండ తిన్నవాడును నీరసించి పడిపోవును. ఈ దినము నేను చెప్పదలచినది ఆ తూమును గూర్చియే.

గడ్డివామికి నిప్పంటుకొనిన దానిలోని శక్తి యంతయు ఒక్కసారిగా మంటయై పోవును. శరీరమును అన్నమును దహించుచునే యున్నది. అయితే మంట లేకుండ, మెట్టుమెట్టుగా దహించును. అన్నములోని పిండి పదార్థము నోటి లాలాజలముతోను, ప్రేవులలోని రసములతోను విడిపోయి గ్లూకోజు అను చక్కెరగా మారి, రక్తముద్వారా దేహమునందలి ప్రతి కణమునకు చేరును. అచ్చట ఆ గ్లూకోజు పది మెట్లలో రెండు ముక్కలగును. ఆ ముక్కకు పైరువిక్ ఆమ్లమని పేరు. ఇంతవరకు ప్రాణవాయువుతో పనిలేదు; లభించు శక్తియు స్వల్పమే. అసలు ఫలితము తరువాతిది. కణములోపల మైటోకాండ్రియాలు అను మిక్కిలి చిన్న కొలుములు కలవు. పైరువిక్ ఆమ్లము వానిలో ప్రవేశించి, రూపుమారి, హాన్స్ క్రెబ్స్ అను శాస్త్రజ్ఞుడు 1937లో కనుగొన్న రసాయనచక్రమున పడి తిరుగును. మనము పీల్చిన ప్రాణవాయువు ఖర్చగునది ఈ కొలుములలోనే. మనము విడుచు బొగ్గుపులుసు గాలి పుట్టునదియు ఇచ్చటనే.

ఇట్లు లభించిన శక్తి ఏ రూపమున నిలుచును? గాదెలో పుట్లకొలది ధాన్యమున్నను, అంగడిలో ఉప్పు కొనుటకు చిల్లర కావలెను గదా. శరీరమునకు చిల్లర ఏ.టి.పి. అను పదార్థము. కండరము ముడుచుకొనుటకును, గుండె కొట్టుకొనుటకును ఈ నాణెమే చెల్లును. ఒక గ్లూకోజు నుండి మొదటి పది మెట్లలో నికరముగా మిగులునవి రెండు నాణెములు. కొలుములోనికి పోయినచో మొత్తము ముప్పది వరకు వచ్చును. ఈ చిల్లరను దాచుకొను వీలు లేదు. ఏ క్షణమునందైనను ఒంటిలోనుండునది పావు కిలోకు మించదు; దానినే మరల మరల ముద్రించుకొనుచుండవలెను.

ఈ నాణెమును కనుగొన్నవారిలో ఒకరు మనవారే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కేతో కలసి పనిచేసి, 1929లో దీనిని కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ కనుగొనెను. పాఠశాలలకు, వీధులకు పేర్లు పెట్టునపుడు ఈ పేరు మన పంచాయతీలకు ఏల తోచదో నాకు తెలియదు.

ఇక తూము సంగతి. పైరువిక్ ఆమ్లము కొలుములో రూపుమారి చక్రమున పడవలెనన్న థయమిన్, అనగా బి1 విటమిను, తోడుండవలెను. దినమునకు కావలసినది ఒకటి రెండు మిల్లీగ్రాములే. బియ్యపు గింజ బరువులో సుమారు పదియవ వంతు. శరీరమునందలి నిల్వ రెండు మూడు వారములకు మించి రాదు. అది అడుగంటినచో తూము మూతపడును. పైరువిక్ ఆమ్లము వెనుకకు తన్ని, పులిసి, లాక్టిక్ ఆమ్లమగును. కాళ్లు తిమ్మిరెక్కును, నీరు పట్టును, గుండె ఉబ్బును. దీనినే బెరిబెరి యందురు. తినునది కేవలము తెల్లని అన్నమైనచో, ఎక్కువ తిన్నకొలది థయమిన్ అవసరమును పెరుగును.

ఈ థయమిన్ బియ్యమున లేదా? ఉన్నది, తవుటిలో ఉన్నది. 1890 ప్రాంతమున జావాలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుని కోళ్లు కాళ్లు చచ్చి పడిపోయినవి, కొంతకాలమునకు వానంతట అవియే లేచినవి. విచారింపగా, వంటవాడొకడు సైనిక వైద్యశాలలో మిగిలిన తెల్లని అన్నమును వానికి పెట్టెననియు, తరువాత వచ్చినవాడు సైనికుల అన్నము కోళ్లకు చెల్లదని ముడిబియ్యము పెట్టెననియు తెలిసినది. ఆ వంటవాని పిసినారితనమునకు వైద్యశాస్త్రము ఋణపడియున్నది.

మన ఉత్తర సర్కారు జిల్లాలలో ఈ వ్యాధి ఒకప్పుడు స్థిరనివాసము చేసెను. అచ్చటివారు మరపట్టిన పచ్చిబియ్యము తినుటయు, తమిళ జిల్లాలవారు ఉప్పుడు బియ్యము తినుటయు ఈ భేదమునకు ముఖ్య కారణమని కూనూరు పరిశోధనాలయమువారు గ్రహించిరి. ధాన్యమును ఉడకబెట్టినపుడు పైపొరలోని థయమిన్ గింజలోనికి ఇంకును. తరువాత మరలో పోయునది తక్కువ. ఆ ప్రాంతపు శిశుమరణములను గూర్చి ఐక్రాయిడ్, కృష్ణన్ గార్లు 1941లో ఒక వ్యాసము ప్రకటించిరి.

శిశువుల మాట వచ్చినది గనుక ఇచ్చట కొంచెము ఆగెదను. తల్లి దేహమున థయమిన్ లేనిచో పాలలోను ఉండదు. రెండు నుండి నాలుగు నెలల బిడ్డ, అంతవరకు బొద్దుగానున్నది, పాలు కక్కును, ఎగరోజును, ఏడ్చినను గొంతు పెగలదు. ఒక్క దినములో ప్రాణము పోవచ్చును. ఇంటివారు దిష్టియందురు. సమయమునకు వైద్యుడు థయమిన్ సూది వేసినచో కొన్ని గంటలలోనే బిడ్డ తేరుకొనును. ఇది పాత కథ కాదు. ఈ శతాబ్దమునందును కాశ్మీరమున వైద్యులు ఇట్టి బిడ్డలను చూచి, తల్లుల తెల్లని అన్నపు పథ్యమే కారణమని కనుగొనిరి.

నిరుడు ఒక గ్రామమున నేనొక ఇంటికి పోతిని. బాలింతకు పథ్యమని నలభై దినములుగా సన్నబియ్యపు అన్నము, కారప్పొడి తప్ప వేరొకటి పెట్టుటలేదు. పప్పు వాతమట, ఆకుకూర చలువయట. బియ్యమును నాలుగుమార్లు కడిగి, గంజి వార్చి, కడుగును గంజిని కుడితితొట్టిలో పోయుచున్నారు. అవ్వా, సారమంతయు తొట్టిలోనికి పోవుచున్నదే యంటిని. ఆ అవ్వ, “అందుకే నాయనా మా గేదె అంత పుష్టిగా నున్నది” అనినది! ఆశా కార్యకర్తతో చెప్పి ఆ తల్లికి పప్పు మొదలుపెట్టించితిమి. అవ్వ వారము దినములు నాతో మాటాడలేదు.

మీ గ్రామములలో ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సమితి కలదు. దాని సమావేశమున మొదట బాలింతల పేర్లు చదివించుడు. ఎవరి ఇంట పథ్యము కఠినమో అంగన్‌వాడీ కార్యకర్తకు తెలిసియే యుండును. పప్పు, వేరుశనగ, జొన్న, సజ్జ, వీనిలో థయమిన్ పుష్కలము. ఎవరి విస్తరిలో ఏది పడునో మీకే బాగుగా తెలియును. అంగన్‌వాడీలోను, బడిలోను వంటచేయువారు బియ్యమును రాళ్లు, మట్టి పోవునంత కడుగవలెనే గాని తెల్లనీరు తేరువరకు గాదు. ఎసరు ఇగురునట్లు వండి, గంజి వార్పకుండుట మేలు. మరపట్టించునపుడు ఒక పట్టు తగ్గించుమని మిల్లువానితో చెప్పిన ఖర్చేమియు లేదు. సారాకు అలవాటుపడినవారికి ఈ విటమిను మరింత త్వరగా తరిగిపోవును. వారి భార్యలకు ఈ మాట చేరవేయుడు.

ఏడ్చినను గొంతురాని బిడ్డను చూచినచో, ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్చుటకు బండి కుదుర్చుడు. తెల్లవారునంతవరకు ఆగవలదు.