మూత్రంలో మంట – నాలుగు మాత్రల వైద్యం

(సూరత్‌లో తెలుగు సైనిక కుటుంబాల కలయికలో ఒక రిటైర్డ్ మెడికల్ ఆఫీసర్ చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం నలుగురిలో మాట్లాడటానికి కాస్త ఇబ్బందిగా ఉండేదే. మోకాళ్ళ నొప్పుల గురించి గంటసేపు చెప్పుకుంటాం. మూత్రంలో మంట అనేసరికి గొంతు తగ్గించేస్తాం. అందువల్లే చాలామంది డాక్టరు దగ్గరికి పోకుండా మందుల షాపువాడి చెవిలో చెప్పి నాలుగు మాత్రలు తెచ్చుకుంటున్నారు. ఇవాళ నా మాటలు ముఖ్యంగా ఆ నాలుగు మాత్రల గురించి.

సూరత్‌లో యాంటీబయాటిక్ అంటే పాతవాళ్ళకి 1994 సెప్టెంబరు గుర్తుకొస్తుంది. ప్లేగు వార్తతో లక్షల మంది ఊరు విడిచిపోయారు. లింబాయత్, ఉధనా వైపు మగ్గాల మీద పనిచేసే మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల వాళ్ళు కూడా దొరికిన రైలెక్కారు. షాపుల్లో టెట్రాసైక్లిన్ చూస్తుండగానే అయిపోయింది. జబ్బు లేనివాళ్ళూ మింగారు. ఆ మందుల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, అక్కడ బెంజమిన్ డగ్గర్ దాన్ని కనిపెట్టారు. 1948లో లోకానికి ప్రకటించారు. ఇది చెప్పకుండా ఉండలేకపోయాను, క్షమించండి. సరే, ప్లేగు పోయింది. 1995లో ఎస్.ఆర్.రావు గారు మునిసిపల్ కమిషనరుగా వచ్చి ఊరిని శుభ్రం చేయించిన కథ మీకు నాకంటే బాగా తెలుసు. కాని “ఎందుకైనా మంచిది, ఒకటి వేసుకుందాం” అనే అలవాటు మాత్రం పోలేదు. నా అనుభవంలో అది ఎక్కువగా కనిపించేది మూత్ర ఇన్‌ఫెక్షన్లలోనే.

ఈ జబ్బు తెచ్చేది ఎక్కువసార్లు ఈ.కొలై అనే క్రిమి. మన పేగుల్లోనే ఉంటుంది. ఆడవాళ్ళకు మూత్రం బయటికొచ్చే దారి పొట్టిగా ఉంటుంది కాబట్టి అది సులువుగా పైకి పాకుతుంది. పది కుటుంబాలకు ఒకటే మరుగుదొడ్డి ఉన్న చాళ్ళలో చూడండి, ఇంట్లో చీరలకు రాళ్ళు అతికిస్తూ, దారాలు కత్తిరిస్తూ కూర్చునే ఆడవాళ్ళు లేవాల్సి వస్తుందని నీళ్ళే తాగరు. 2018లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. తరచు మంట వచ్చే, నీళ్ళు తక్కువ తాగే 140 మంది స్త్రీలలో సగం మందిని రోజూ లీటరున్నర నీళ్ళు అదనంగా తాగమన్నారు. ఏడాదిలో వాళ్ళకు సగటున 1.7 సార్లు జబ్బు వస్తే, మిగతావాళ్ళకు 3.2 సార్లు వచ్చింది. మందు లేకుండానే!

బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు తాగండి, తప్పులేదు. అయితే జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే కిడ్నీకి పాకిందని అనుమానించాలి. అప్పుడు బార్లీ కాచుకుంటూ కూర్చోకూడదు, అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

ఇక మందులు. మామూలు ఆరోగ్యం ఉన్న స్త్రీకి జ్వరం లేకుండా మంట మాత్రమే ఉంటే, పాత మందు నైట్రోఫ్యురాంటాయిన్ 5 రోజులు, లేదా ఫాస్ఫోమైసిన్ పొడి 3 గ్రాములు ఒక్కసారి నీళ్ళలో కలుపుకుని తాగడం చాలావరకు సరిపోతుంది. మొదటిది అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం ముదురు రంగుకి మారితే కంగారు పడొద్దు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి, నెలలు నిండిన గర్భిణికి అది ఇవ్వరు. కిడ్నీకి పాకిన జబ్బుకు పనికిరాదు. మంట తగ్గడానికి ఇచ్చే సిట్రేటు సిరప్ హాయినిస్తుంది గాని క్రిమిని చంపదు. పైగా నైట్రోఫ్యురాంటాయిన్‌కి మూత్రంలో కాస్త ఆమ్లం ఉంటేనే బలం, ఆ సిరప్ దాన్ని తగ్గిస్తుంది. రెండూ కలిపి వాడేముందు డాక్టర్ని అడగండి.

షాపులో మాత్రం ఎక్కువగా దొరికేవి సిప్రోఫ్లాక్ససిన్ రకం, సెఫిగ్జిమ్ రకం. మన దేశంలో ఈ.కొలై వీటికి చాలావరకు లొంగడం మానేసింది. పైన చెప్పిన రెండు పాత మందులకు ఇంకా చాలాచోట్ల లొంగుతోంది. సిప్రో వల్ల కండరాల స్నాయువులు (టెండన్లు) తెగడం, షుగరు హెచ్చుతగ్గులు కావడం ఉన్నాయని అమెరికా ఔషధ సంస్థ 2016లోనూ 2018లోనూ హెచ్చరించింది. సెఫిగ్జిమ్ మన దగ్గర 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవారి పేరు రిజిస్టరులో రాయాలి. ఎంతమంది రాస్తున్నారో మీరే చూడండి.

ఎన్.డి.ఎమ్.-1 పేరు వినే ఉంటారు. బాగా బలమైన ఇంజెక్షన్లను కూడా పనిచేయకుండా చేసే ఆ గుణాన్ని మొదట గుర్తించింది 2008లో, మన దేశంలో చికిత్స పొంది స్వీడన్ చేరిన ఒక రోగి మూత్రంలోనే.

మగవాళ్ళ సంగతికొస్తాను. పడుచు జవానుకి మంటతో పాటు చీము లాంటిది పోతుంటే అది వేరే జబ్బు కావచ్చు, వైద్యం వేరు. సిగ్గుపడకుండా ఎం.ఐ. రూంలో చెప్పాలి. యాభై దాటినవారిలో ప్రోస్టేట్ చూడాలి. నేను చూసిన ఒక రిటైర్డ్ హవల్దారు, పేరూ రెజిమెంటూ చెప్పను, రెండేళ్ళపాటు మంట వచ్చినప్పుడల్లా రెండు రోజులు మాత్రలు వేసుకుని ఆపేసేవారు. మిగిలినవి డబ్బాలో దాచి వదినగారికి కూడా ఇచ్చారు. చివరికి చలిజ్వరంతో స్పృహ తప్పి ఆస్పత్రిలో చేరారు. కల్చర్ రిపోర్టులో నోటిమాత్రలన్నిటికీ ఎదురుగా ‘ఆర్’ అనే అక్షరమే, అంటే పనిచేయదని. పది రోజులు ఇంజెక్షన్ ఎక్కించాల్సి వచ్చింది. స్కానులో తేలిందేమిటంటే, పోసిన తర్వాత కూడా మూత్రాశయంలో సగం నిలిచిపోతోంది. ప్రోస్టేటుకి వైద్యం చేశాక మంట మళ్ళీ రాలేదు. రెండేళ్ళ మాత్రలు ఆ అడ్డం చుట్టూ తిరిగాయన్నమాట.

ఎన్ని రోజులు వాడాలి అంటారా? 2021లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో జ్వరం లేని 272 మంది మగవాళ్ళ మీద పరీక్ష చేశారు. 7 రోజులు వాడినవాళ్ళూ 14 రోజులు వాడినవాళ్ళూ సమానంగా నయమయ్యారు. జ్వరం ఉంటే మాత్రం ఎక్కువ రోజులు అవసరం కావచ్చు. ఎక్కువ రోజులు వాడితే ఎక్కువ మంచిదనుకోవద్దు, రెండు రోజులకే ఆపేయొద్దు. రాసినన్ని రోజులు వాడండి.

ఇంకొకటి. ఏ బాధా లేకుండా చెకప్‌లో మూత్రంలో క్రిములు కనబడితే సాధారణంగా మందు అక్కర్లేదు. గర్భిణులకు, మూత్రమార్గం ఆపరేషన్ ముందు తప్ప. గొట్టం వేసుకున్న ముసలివాళ్ళ మూత్రంలో నెల తిరిగేసరికి క్రిములు ఉండనే ఉంటాయి. రిపోర్టు చూసి కొడుకులు హడావిడి పడి యాంటీబయాటిక్ మొదలుపెట్టించకూడదు.

కల్చర్‌కి ఇచ్చేటప్పుడు మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. కడుక్కుని, ముందు కొంచెం వదిలేసి, మధ్యలోది ల్యాబు ఇచ్చిన డబ్బాలో పట్టాలి. ఇంట్లో ఊరగాయ సీసా కడిగి తేవద్దు, ఒకాయన తెచ్చారు కనుక చెప్తున్నా. రెండు గంటల్లో ల్యాబు చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా డాక్టరు మందు మొదలుపెట్టొచ్చు, రిపోర్టు చూసి మార్చొచ్చు. ఆ కాగితం పారేయకుండా ఇ.సి.హెచ్.ఎస్. పుస్తకంలో పెట్టుకోండి, వచ్చేసారి చూసే డాక్టరుకి పనికొస్తుంది.

ఇక ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగలేనివారు చీటీ మీద రాసి పంపినా చదువుతాను, పేరు రాయక్కర్లేదు.